కొండక్క ఎందుకు దూకింది

మెట్టుగూడలో రైలు పట్టాల వైపు గల్లీలో పొద్దున్నే నల్లా వచ్చిందంటే ముందు బిందెల చప్పుడు, ఆ వెంటనే ఇంటి ఓనరు వీరరాఘవమ్మ అరుపు వినిపిస్తాయి.

"ఓ కొండక్కా! నీ నవాబు మళ్ళ నా క్రోటన్లు మేసిండు! మొన్ననే తెచ్చి పెట్టుకున్న!"

"నీకు కత్తెర పట్టే పని తప్పించిండు పెద్దమ్మా, సంతోషపడు," అంటూ కొండక్క మేడ మెట్లు దిగుతుంది. ఒక చేతిలో బిందె, ఇంకో చేతిలో గడ్డిమోపు.

నవాబు కంచరగాడిద. బూడిద రంగు, ఎడమ చెవి కొస చీలి ఉంటుంది. గేటు పక్కన గుంజకు ఎంత గట్టిగా కట్టినా ముడి తనే విప్పుకుంటాడు. కొండక్క, నవాబు కలిసి బోయిగూడ ఇరుకు సందుల్లోకి ఇటుకలు, ఇసుక మోస్తారు. ట్రాలీ ఆటో దూరని చోట ఇల్లు కట్టుకునేవాళ్ళకు వాళ్ళే దిక్కు. ఆదివారం మాత్రం సెలవు.

కొండక్క సినిమాలోంచి వచ్చిన మనిషి. 'నల్లకోన' అనే సాహస చిత్రం మొదటి భాగం విడుదలైన కొత్తలో ఒక ఆదివారం, చర్చిలో ఆరాధన ముగించుకుని సువార్త ఇంటికి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర కంచరగాడిదను పట్టుకుని నిలబడి ఉంది. "నా గొంతు ఈడ్నే ఉంటదని చెప్పిన్రు," అంది. సువార్త ఆమెను ఎగాదిగా చూసి, "భోంచేశావా?" అని అడిగింది. వీరరాఘవమ్మ మేడ మీది రేకుల గది తాళం తీసింది. జంతువుకు నీళ్ళు ఎక్కువ పడతాయి, మోటారు ఊరికే వెయ్యనని మాత్రం గట్టిగా చెప్పింది. అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు.

సువార్త ఆ ఇంట్లోనే ముందు వాటాలో ఉంటుంది. డబ్బింగ్ చెబుతుంది. భర్త యేసురాజు పోయాక ఇద్దరు పిల్లల్ని గొంతుతోనే సాకింది. మొదట్లో గుంపుల్లో ఏడుపులు, కాన్పు కేకలు, చావబోయే ముసలమ్మల మూలుగులు. పొద్దంతా అరిచి, సాయంత్రం గొంతు పూడి, పిల్లల్ని సైగలతో అన్నానికి పిలిచిన రోజులున్నాయి. ఆ తర్వాతే కొండక్క దొరికింది. తెర మీద కొండక్కగా కనిపించేది ముంబయి నటి, తెలుగు ముక్క రాదు. మాట సువార్తది.

మొదటి భాగంలో నిధి వెతుక్కుంటూ వచ్చిన హీరోకి కాలు బెణికితే, కొండక్క అతన్ని వీపున వేసుకుని తాళ్ళ వంతెన దాటిస్తుంది. అతను కళ్ళు మూసుకుని వణుకుతుంటే, "కిందికి చూడకు పోరగాడా. నా జుట్టుల పేలు లెక్కవెట్టుకుంట కూసో," అంటుంది. హాలు హాలంతా నవ్వింది. రెండో భాగంలో పాముపుట్టలో చెయ్యి పెట్టి తాళంచెవి తీస్తుంది. అప్పుడూ నవ్వారు, ఈలలు వేశారు. మూడు నెలలు ఆడింది.

ఆ రెండో భాగం తీసేటప్పుడే ఒక సంగతి తెలిసింది. ఒకనాడు బోయిగూడలో ఇటుకలు దింపుతుంటే కొండక్క భుజం మీద పులిగోళ్ళ గాట్లు పడ్డాయి. ఎలా పడ్డాయో ఆమెకు తెలియదు. సువార్త వెళ్ళి సినిమాలోని పులి దృశ్యానికి గొంతు ఇచ్చిన సాయంత్రం, "పిల్లల జోలికి పోతుంటే నేనే దాన్ని గెలికిన," అని కొండక్క తనే చెప్పింది. బొమ్మ తీసినప్పుడు జరిగేది ఒంటికి. గొంతు పడినప్పుడు చేరేది మనసుకు. గల్లీలో అందరికీ ఇది కరెంటు బిల్లు తేదీ తెలిసినట్టు తెలుసు.

ఆదివారం సెలవని చెప్పుకున్నాం కానీ కొండక్క ఆ రోజు పడుకునేది కాదు. మధ్యాహ్నం నుంచి గేటు దిమ్మ మీద కూర్చుని కొడవలి నూరేది. నవాబును గల్లీకి అడ్డంగా కట్టేది. వెనక వాటాలో జంగయ్య, ఆయన కూతురు రజిత ఉంటారు. రజిత పద్మారావు నగర్‌లో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. మొగుడు దయాకర్ మణికట్టు విరగ్గొట్టిన రోజున కట్టుబట్టలతో తండ్రి దగ్గరికి వచ్చేసింది. ఠాణాకు పోదామంటే జంగయ్య పరువంటాడు, రజిత భయమంటుంది. దయాకర్ ప్రతి ఆదివారం తాగి వచ్చి గల్లీ మొగలో నిలబడతాడు. "నా పెండ్లాన్ని నేను తీస్కపోత, ఎవడడ్డమొస్తడో చూస్త!" అని అరుస్తాడు. కొండక్క తలెత్తి చూసేది. నవాబు చెవులు నిక్కబొడిచేవాడు. దయాకర్ ఇంకాసేపు అరిచి వెళ్ళిపోయేవాడు. రజిత గేటుకు లోపలినుంచి గొళ్ళెం వేసి, తాళం కూడా వేసుకునేది. కాపలా కాస్తున్నానని కొండక్క ఎన్నడూ అనలేదు, కాయమని రజిత అడగనూ లేదు.

మూడో భాగం షూటింగ్ షురూ అయిన వారం నవాబు కనిపించలేదు.

గుంజ ఉంది, తాడు ఉంది, తాడుకు వేసిన ముడి వేసినట్టే ఉంది. కొండక్క పట్టాల వెంబడి వెతికింది. సువార్త సినిమా మేనేజరుకు ఫోన్ చేసింది.

"మూడో పార్టులో కంచరగాడిద లేదమ్మా," అన్నాడు అతను. "జంతువులతో తీయాలంటే పర్మిషన్లు, డాక్టర్లు, అదంతా పెద్ద తక్లీఫ్. తీసేశాం."

"చచ్చిపోయాడా?"

"అయ్యో, అది కూడా చెప్పం. ఉండడు, అంతే. ఎవరు గమనిస్తారమ్మా?"

ఆ తర్వాత ఒక పొద్దున నల్లా దగ్గర లైనులో నిలబడిన కొండక్క ఉన్నట్టుండి ఎగిరి జంగయ్య మెడ మీదికి దూకింది. జంగయ్య, బిందె, నీళ్ళు అన్నీ కింద పడ్డాయి.

"ఏందమ్మా గిది! నా నడుము పోయింది!"

"నాకే తెల్వదు జంగన్నా. దుంకిన," అంది కొండక్క. ఆమె ముఖం చూసి ఆయన తనే లేచి బిందె అందుకున్నాడు.

మరునాడు ఆమె గల్లీ మధ్య మురికిలో చతికిలబడి ఒళ్ళంతా బురద చేసుకుంది. ఇంకో రోజు మెట్టుగూడ చౌరస్తాలో బస్సుల మధ్య నిలబడి కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది. ట్రాఫిక్ ఆగిపోయింది. అడిగితే అదే మాట. "ఎందుకు ఏడ్చిన్నో తెల్వదు. ఒళ్ళు ఏడ్చింది, నేను ఏడ్వలే."

పిల్లలు వెంటబడి నవ్వారు. నవ్వుకు ఆమె ఎప్పుడూ బాధపడే మనిషి కాదు. కారణం తెలియకపోవడం ఆమెను తొలిచేసింది. పని మానేసింది. మెట్ల మీద కూర్చుని తన చేతుల్ని తనే అనుమానంగా చూసుకునేది.

ఆ ఆదివారం దయాకర్ వచ్చాడు. గల్లీకి అడ్డంగా నవాబు లేడు. గేటు దిమ్మ మీద ఉన్న కొండక్క అతను చూస్తుండగానే ఎగిరి పిట్టగోడ ఎక్కి, మళ్ళీ దిగి, ఏమైందో తెలియక నిలబడింది. దయాకర్ పగలబడి నవ్వాడు. మొదటిసారి గేటు దాకా వచ్చి గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

"రజితా! గీ పిచ్చిదాన్ని నమ్ముకొనేనా ఇన్నొద్దులు నన్ను నిలవెట్టినవు? వచ్చే ఐతారం లోపలికే వస్త. సామాన్ సర్దుకో!"

సువార్తకు డబ్బింగ్ పిలుపు కూడా దయాకర్ వస్తానన్న ఆదివారానికే వచ్చింది. పొద్దుటి ఆరాధనకు వెళ్ళి, అక్కణ్ణుంచి రజిత స్కూటీ మీద పద్మారావు నగర్ స్టూడియోకు వచ్చింది.

"ఆంటీ, ఇయ్యాల్టితోని కొండక్కకు కారణం తెలుస్తది కదా?" అంది రజిత హెల్మెట్ తీయకుండానే.

"తెలుస్తుంది."

"మంచి కారణమేనా?"

సువార్త స్కూటీ దిగింది. ఏం రాశారో ఆమెకు ఇంకా తెలియదు.

స్టూడియో ఒక పాత ఇంటి సెల్లారులో ఉంది. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు ఎరిక్. వెనక సోఫాలో బిర్యానీ డబ్బాతో డైరెక్టరు యుగంధర్. పక్కన మాటలు రాసిన సత్యదేవ్.

"వందనాలు ఆంటీ," అన్నాడు ఎరిక్. అతను వాళ్ళ చర్చి కుర్రాడే.

తెర మీద బొమ్మ వేశారు. అడవి, వాన. హీరో ముందు, కొండక్క వెనక. కాళ్ళ దగ్గర కప్ప గెంతింది. కొండక్క ఎగిరి హీరో మెడ ఎక్కింది. సువార్తకు నల్లా లైను గుర్తొచ్చింది. తర్వాత చేతిలోని కాగితం చూసింది. 'అమ్మో! కప్ప! నన్ను ఎత్తుకో సారూ! నాకు కప్పలంటే భయం సారూ!'

"సారా?" అంది సువార్త. "రెండు సినిమాలూ పోరగాడా అని పిలిచింది ఇతన్ని."

"మూడో పార్టుకు ఆయన ఇమేజ్ పెరిగింది కదమ్మా," అన్నాడు సత్యదేవ్.

"పాముపుట్టలో చెయ్యి పెట్టిన మనిషి కప్పకు భయపడుతుందా?"

యుగంధర్ బిర్యానీ పక్కన పెట్టాడు. చెడ్డవాడేం కాదు. అలసిపోయి ఉన్నాడు. "సువార్తమ్మా, సెకండాఫ్ మొత్తం సీరియస్. జనం మధ్యలో జెర నవ్వాలి. హీరో మీద జోక్ వేస్తే ఫ్యాన్స్ ఊరుకోరు. విలన్ మీద వేస్తే భయం పోతుంది. మిగిలింది ఎవరు? ఆమే."

"అంటే ఎవరి నడుం విరిచినా అడిగేవాడు లేడో వాళ్ళ నడుం విరుద్దామని."

"పెద్ద మాటలెందుకమ్మా. మూడు చిన్న సీన్లు. పాత్రే కదా."

"ఆ పాత్ర మా మేడ మీద ఉంటోంది బాబూ."

"తెలుసు. మీ అడ్రస్ ఇచ్చింది మా మేనేజరే."

"మరి ఆమెనొక మాట అడిగావా?"

"పాత్రను అడిగి సినిమా తీసేవాడు ఎవడమ్మా?"

నవ్వించడం తప్పని ఎవరంటారు? వారమంతా ఒళ్ళు హూనం చేసుకుని టికెట్ కొనుక్కున్నవాడికి నవ్వు హక్కు. కానీ ఒక మనిషిని మొదటి ఆట నుంచి నిటారుగా నడిపించి, జనం చేత ఆమెను నమ్మించి, చివరకు నవ్వు తక్కువైందని ఆమెనే నేల మీద పడేస్తే దాన్ని హాస్యం అనరు. అది దొంగతనం. జనం పెట్టుకున్న నమ్మకాన్ని కొట్టేసి, వాళ్ళకే చిల్లరగా పంచడం. కొండక్క అంతకు ముందు నవ్వించలేదా? వంతెన మీద నవ్వించింది, పుట్ట దగ్గర నవ్వించింది. ఆ నవ్వు ఆమె మొండితనంలోంచి పుట్టింది. ఆమె ఎవరో తెలిసినవాళ్ళే నవ్వగలిగిన నవ్వు అది. కప్పను చూసి కెవ్వుమనడానికి కొండక్కే కావాలా? ఎవరైనా సరిపోతారు. ఎవరైనా సరిపోయే చోట ఆమెను నిలబెట్టడమే ఆమెను చంపడం.

సువార్త హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను చెప్పను."

"అమ్మా, వచ్చే వారం రిలీజు!"

"అయితే ఇంకొకరిని పెట్టుకో. కొత్త పిల్లలు బోలెడుమంది ఉన్నారు. కానీ విను బాబూ. ఆమె సినిమా వదిలి వచ్చి నా గేటు ముందు నిలబడింది, నా గొంతు ఇక్కడుందని. వేరే గొంతు పెడితే నోరు కదులుతుంది, కొండక్క మాట్లాడదు. జనానికి చెవులున్నాయి."

యుగంధర్ నుదురు రుద్దుకున్నాడు. "మరేం చేద్దామంటారు? తీసేసిన బొమ్మను నేను మార్చలేను."

"బొమ్మ నాకొద్దు. అలాగే ఉండనీ. దూకనీ, బురదలో కూర్చోనీ, ఏడవనీ. ఎందుకో మాత్రం నేను చెబుతా. ఒక్క టేకు. నువ్వు నవ్వకపోతే నేనే లేచిపోతా."

"ఒక్క టేకే," అన్నాడు యుగంధర్.

అద్దం అవతల ఎరిక్ అప్పటికే రికార్డింగ్ నొక్కేశాడు.

సువార్త బొమ్మను చప్పుడు లేకుండా మళ్ళీ వేయించుకుని చూసింది. పెదాలు ఎక్కడ మూసుకుంటున్నాయో చూసింది. అక్కడ మ పడాలి, బ పడాలి, ప పడాలి. మిగతా చోట నోరు తెరుచుకుని ఉన్నంతసేపు ఏ మాటైనా పడుతుంది. అది రోజూ చేసే పనే. ఈసారి చూసింది కళ్ళను. ముంబయి నటి దూకేటప్పుడు కప్ప వైపు చూడలేదు. చెట్ల పైకి చూసింది. కెమెరా పక్కన ఎవరో చెయ్యి ఊపి ఉంటారు. ఏదైతేనేం, కొండక్క పైకి చూసింది.

లైటు వెలిగింది.

"హోయ్! కప్ప మీద కాలు పడ్తది, పైలం పోరగాడా!" అని కేక పెట్టింది సువార్త. కొండక్క తెర మీద ఎగిరి హీరో మెడ ఎక్కింది. "నిల్సో, ఊగకు! వంతెన మీద నిన్ను నేను మోసిన, యాదికున్నదా? గిప్పుడు నువ్వు మొయ్యి. చెట్ల మీదికెళ్ళి తోవ చూడాలె నేను!"

దానికి హీరో మాట ముందే రికార్డయి ఉంది. "దిగు కొండక్కా, బరువున్నావ్!"

ఎరిక్ ముక్కులోంచి చప్పుడొచ్చింది. సత్యదేవ్ తల వంచుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. యుగంధర్ నవ్వకూడదని పళ్ళు బిగించాడు. చివరకు బిర్యానీ గొంతుకు అడ్డంపడి దగ్గు వచ్చింది, దగ్గులోంచి నవ్వు వచ్చింది.

"రెండోది వెయ్యి ఎరిక్," అంది సువార్త, ఎవరినీ అడక్కుండా.

కొండక్క బురదలో చతికిలబడింది. 'ఛీ, ఏం చేస్తున్నావ్!' అన్నాడు హీరో.

"కూసో, నువ్వు సుత పూస్కో. బురద ఉన్న ఒంటికి జలగ పట్టదు. నీ సక్కదనం ఇంటికి పోయినంక చూసుకుందువు తియ్యి!"

మూడోది వచ్చింది. తోవ తప్పిన దృశ్యం. కొండక్క అడవి మధ్య నిలబడి కుడికి తిరుగుతుంది, ఎడమకు తిరుగుతుంది, ముక్కు చీదుతూ ఏడుస్తుంది. ముక్కు చీదే చోట నవ్వులొస్తాయని లెక్క.

"ఇదెలా మారుస్తారమ్మా?" అన్నాడు సత్యదేవ్. అడిగిన తీరులో వెటకారం లేదు. "కళ్ళల్లో నీళ్ళున్నాయి. తోవ చూపించే మనిషే తోవ తప్పింది."

సువార్త వేడినీళ్ళు తాగింది. మెట్ల మీద కూర్చుని చేతులు చూసుకుంటున్న మనిషి కళ్ళ ముందు కదిలింది. వేసిన ముడి వేసినట్టే ఉన్న తాడు కూడా.

"తోవ తప్పలేదు," అంది. "వెయ్యి."

లైటు వెలిగింది. పెదాలు మొదటిసారి కలిసే చోటు కోసం ఆగి, అక్కడ బ పడేటట్టు పిలిచింది.

"నవాబూ..."

సత్యదేవ్ చేతిలో కాగితం దించి తెర చూశాడు.

"నవాబూ! ఏడవోయినవురా? పొద్దటి సంది దేవులాడ్తున్న. కుడికి లేవు, ఎడమకు లేవు. నీ అసుంటోడు ఊరికె మాయమైతడా? నిన్ను ఎవరు మర్సిపోయినా నేను మర్సిపోతనారా?" అక్కడ నటి ముక్కు చీదింది. సువార్త ఏడుపులోనే కసురుకుంది. "ఎవలింటి క్రోటన్లు మేస్తున్నవో, దొంగ నా కొడుకా!"

ఎరిక్ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

"అమ్మా," అన్నాడు సత్యదేవ్ మెల్లగా, "అడవిలో క్రోటన్లు ఎక్కడివి?"

"అడవిలో కంచరగాడిదను మాయం చేసినవాళ్ళు మీరు. క్రోటన్ల గురించి నన్నడుగుతున్నారా?" సువార్త అద్దం వైపు తిరిగింది. "ఎరిక్, మొదటి భాగంలో వాడి అరుపు నీ దగ్గర ఉంటుంది. ఇక్కడ పెట్టు. వాడు బతికే ఉన్నాడు."

"ఏయ్, ఎవరినడిగి..." అంటూ లేచాడు యుగంధర్. అరుపు వినిపించింది. స్పీకర్లలోంచి చాలా దగ్గరగా, గరగరలాడుతూ. యుగంధర్ నిలబడ్డచోటే నిలబడి తెర చూశాడు. అరుపు విని కొండక్క ఏడుపు ఆపి తల తిప్పినట్టుంది. నిజానికి ఆ నటి అక్కడ షాట్ అయిపోయిందనుకుని తిరిగింది.

"దగ్గరైంది," అన్నాడు. "దూరం పెట్టు ఎరిక్. ఇంకా దూరం. కొండ అవతల నుంచి రావాలి." మళ్ళీ కూర్చున్నాడు. "ఇది నా ఐడియా అని చెప్పుకుంటాను సువార్తమ్మా."

"చెప్పుకో నాయనా. సార్ అనే మాట మాత్రం ఎక్కడా ఉండకూడదు."

బయటికొచ్చేసరికి సాయంత్రమైంది. రజితకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆటో ఎక్కి, దారి పొడుగునా ప్రార్థన చేసుకుంటూ, మధ్యమధ్యలో డ్రైవరును తొందరపెడుతూ మెట్టుగూడ చేరింది. గల్లీ మొగలో జనం. ఆటో ఆగకముందే దిగింది. జనాన్ని తోసుకుని పోతే, మధ్యలో జంగయ్య కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏమైంది జంగయ్యగారూ? వాడొచ్చాడా?"

"వచ్చిండు సువార్తమ్మా. వచ్చిండు!" ఆయన ఊపిరి తీసుకున్నాడు. "గేటు మీదికెళ్ళి దుంకి లోపలికే వచ్చిండు. నా గుండె ఆగిపోయింది. కొండక్క మెట్ల మీద తల పట్టుకొని కూసున్నది, లేస్తలేదు. వాడు ఆమెను కాలుతోని జరిపి, 'జరుగు పిచ్చిదానా' అని మా తలుపు తన్నిండు. గంతే. ఏమైందో ఏమో, ఆమె తలెత్తింది. హోయ్ అన్నది చూడు, నేను గోడకు అతుక్కపోయిన! ఒక్క దుంకు దుంకి వాని మెడ మీద కూసున్నది. రెండు చెవులు పట్టుకొని, 'ఇన్నొద్దులు నేను మోసిన. గిప్పుడు నువ్వు మొయ్యి. నడువు!' అన్నది."

"నడిచాడా?"

"నడువక ఏం జేస్తడు? ఇదిలిస్తే పడెటామెనా? మెయిన్ రోడ్డు మీదికెళ్ళి ఠాణా దాక నడిపించింది. బస్సులోళ్ళు సైడిచ్చిన్రు. ఆడ కానిస్టేబులు, 'జెర కిందికి దిగమ్మా, రాస్కోవాలె' అన్నడు. ఏం జరిగిందో చెప్పమంటే..." జంగయ్య నవ్వు ఆగింది. "నేను ఏదో చెప్పవోతున్న, మా ఇంటి పంచాయితి అని. నా బిడ్డ నా చెయ్యి పట్టుకొని ఆపింది. 'నేను చెప్త నానా' అన్నది. మణికట్టు చూపెట్టింది. మొదటి సంది చెప్పింది సువార్తమ్మా. ఒక్క మాట ఇడ్వలే. వాడు ఆడ్నే ఠాణా లోపట కూసున్నడు."

లోపల గేటు దిమ్మ మీద కొండక్క కొడవలి నూరుతోంది. మోచేతుల దాకా, పిక్కల దాకా బురద పూసుకుని ఉంది.

"ఈ బురదేమిటే?" అంది సువార్త.

"దోమలు చూడు ఎట్లున్నయో. నువ్వు సుత పూస్కో."

సువార్త పక్కన కూలబడింది. గొంతు బొంగురుపోయి ఉంది. "ఎందుకు దూకావు వాడి మీద?"

కొండక్క నూరడం ఆపి ఆమెను చూసింది. ఇంత అడగాల్సిన విషయమా అన్నట్టు చూసింది. "ఎందుకు దుంకిన్నో నాకు తెల్వకుంటదా?"

అప్పుడు పట్టాల అవతల నుంచి, బాగా దూరం నుంచి, గరగరలాడే అరుపు వినిపించింది. కొండక్క తల తిప్పింది. పెదవి కొరికి, లేచి, గడ్డిమోపు తీసి గుంజ దగ్గర వేసింది.

చీకటి పడుతుంటే రజిత గేటు దగ్గరికి వచ్చింది. ఆదివారం అలవాటు. చేతిలో తాళం ఉంది. గొళ్ళెం పట్టుకుని ఆగింది. తర్వాత గేటు బార్లా తెరిచి, కొట్టుకోకుండా కింద రాయి పెట్టింది.

"ఏందే, గేటెయ్యి!" అరిచింది వీరరాఘవమ్మ లోపలినుంచి. "వాడొస్తే నా క్రోటన్లు బతుకుతయా?"

"రానీ పెద్దమ్మా. ఎన్నొద్దులాయె తిని," అంది రజిత.

వీరరాఘవమ్మ గొణుక్కుంటూ వచ్చి కుండీలన్నీ ఒక్కొక్కటే లోపలికి లాక్కుంది. బాగా చిగురేసిన ఒక కుండీని మాత్రం, బరువుగా ఉందనో ఏమో, గుంజ పక్కనే వదిలేసింది.

రజిత అన్నం కంచం తెచ్చుకుంది. గల్లీ మొగ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తెరిచిన గేటుకు వీపు పెట్టి, దిమ్మ మీద కొండక్క పక్కన కూర్చుని, నింపాదిగా కలుపుకుని తినడం మొదలుపెట్టింది.